రెండు నిమిషాల నేరచిత్రం తీశాక ఆత్మసమీక్ష ఎలా రాయాలి

కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ ఏఎస్ లెవెల్‌లో (మన ఇంటర్ స్థాయి) మీడియా స్టడీస్ చదివే విద్యార్థులు ఫౌండేషన్ పోర్ట్‌ఫోలియో అనే ప్రాక్టికల్ ప్రాజెక్టు కోసం ఎంచుకోగలిగిన పనుల్లో ఒకటి, ఒక కొత్త కథాచిత్రానికి టైటిల్స్‌తో సహా రెండు నిమిషాలు మించని ప్రారంభ సన్నివేశాన్ని తీయడం. తీసిన తర్వాత, ఆ పనిని తామే విమర్శనాత్మకంగా పరిశీలించుకుని ఒక సమీక్షను కూడా సమర్పించాలి. మన జర్నలిజం, విజువల్ కమ్యూనికేషన్ కోర్సుల్లోనూ పేరు మార్చి ఇటువంటి అభ్యాసమే ఇస్తుంటారు. ఎక్కువమంది నేరకథనే ఎంచుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. చీకటి గది, ఒక ఫోను, కదలకుండా పడుకోగల స్నేహితుడు ఉంటే చాలు, పని మొదలైపోతుంది.

షూటింగ్ ఉత్సాహంగా సాగుతుంది, ఎడిటింగ్ కిందామీదా పడి పూర్తవుతుంది, సమీక్షను మాత్రం గడువుకు ముందు రాత్రి కూర్చుని రాస్తారు. అందుకే చాలా సమీక్షలు ‘ఈ ప్రాజెక్టు ద్వారా మేము ఎంతో నేర్చుకున్నాము’ అని మొదలై, ‘సమయం సరిపోలేదు’ అని ముగుస్తాయి. ఆ రెండు వాక్యాలూ ఏ చిత్రానికైనా అతుకుతాయి కాబట్టి మీ చిత్రం గురించి అవి చెప్పేదేమీ ఉండదు. సమీక్షలో ఉండవలసినది మీ నిర్ణయాల లెక్క: ఏమనుకున్నారు, ఏం చేశారు, తెరమీద ఏం కనిపించింది, చూసినవారికి ఏం అర్థమైంది. ఈ నాలుగింటి మధ్య ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలిగితే, చిత్రం ఓ మోస్తరుగా ఉన్నా సమీక్షకు మంచి మార్కులు రాబట్టవచ్చు.

చెప్పబోయే విషయాలు గాలిలో తేలకుండా ఉండేందుకు ఒక ఊహా చిత్రాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. హైదరాబాద్‌లోని ఒక పాత అపార్ట్‌మెంట్. తెల్లవారుజామున మోటారు ఆగకుండా నడుస్తోంది. పైన ట్యాంకు నిండి పొంగిన నీరు గోడవెంట జారి, పార్కింగ్ దాటి, గేటు కిందుగా రోడ్డుమీదికి పారుతోంది. రెండో అంతస్తు పెద్దాయన లుంగీతోనే దిగి వచ్చి, ‘ఓ యాదయ్యా, మోటార్ బంద్ చెయ్యవయ్యా!’ అని కేకేస్తాడు. సమాధానం రాదు. వాచ్‌మన్ గదికి బయట తాళం వేసి ఉంటుంది, గుమ్మం ముందు ఒక్క చెప్పే ఉంటుంది. అక్కడ చిత్రం పేరు పడుతుంది.

ముందుగా ఆధారాలు పోగుచేయండి

రాయడానికి కూర్చునే ముందు మీ చిత్రాన్ని మూడు విధాలుగా చూడండి. మొదట శబ్దం పూర్తిగా ఆపి, బొమ్మలను మాత్రమే చూడండి. రెండోసారి తెరకు వీపు తిప్పి, శబ్దాన్ని మాత్రమే వినండి. మూడోసారి ప్రతి కట్ దగ్గరా ఆపుతూ, ఆ షాట్ ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. శబ్దం లేకుండా చూసినప్పుడు కథ అర్థమవుతోందో లేదో తేలిపోతుంది. బొమ్మ లేకుండా విన్నప్పుడు, నేపథ్య సంగీతం ఎన్ని లోపాలను కప్పిపెడుతోందో బయటపడుతుంది.

తర్వాత ఒక పట్టిక గీసుకోండి. టైమ్‌కోడ్ (చిత్రంలో షాట్ వచ్చే నిమిషం, సెకను), షాట్, స్టోరీబోర్డులో (షాట్లను ముందుగా బొమ్మలుగా గీసుకున్న కాగితాల్లో) అనుకున్నది, చివరికి ఉన్నది, మారిన కారణం అని అయిదు గడులు చాలు. మన ఉదాహరణలో ఒక వరుస ఇలా ఉండవచ్చు: ‘0:47. షాట్: తాళం. అనుకున్నది: పెద్దాయన భుజం మీదుగా మిడ్ షాట్. చివరికి ఉన్నది: తాళం క్లోజప్. మారిన కారణం: భుజం మీదుగా తీస్తే తాళం బయటివైపు ఉన్న సంగతి చూసినవారికి తెలియలేదు.’ ఈ ఒక్క వరుసలో ఒక పేరాకు కావలసిన సరుకంతా ఉంది. పట్టికకు సమాచారం జ్ఞాపకం నుంచి తీయకండి. స్టోరీబోర్డు కాగితాలు, వద్దనుకున్న టేకులు, ఎడిటింగ్ ప్రాజెక్టు పాత వెర్షన్లు, బృందం వాట్సాప్ గ్రూపులో ‘ఆ షాట్ తీసేద్దాం’ అని జరిగిన వాదన, ఇవన్నీ సాక్ష్యాలే. ఫోనులో జాగా కోసం చెడిన టేకులను చెరిపేసే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది, సమర్పించేదాకా దాన్ని కట్టిపెట్టండి.

నాలుగైదు నిర్ణయాలను ఎంచి, ఒక్కోదాన్ని చివరిదాకా చెప్పండి

రెండు నిమిషాల చిత్రంలో ముప్పై షాట్లు ఉండవచ్చు. అన్నిటి గురించీ తలా ఒక వాక్యం రాస్తే అది సమీక్ష కాదు, జాబితా. చిత్రం దారిని మార్చిన నిర్ణయాలు నాలుగో అయిదో ఉంటాయి, వాటినే పట్టుకోండి.

‘ఉత్కంఠ కోసం క్లోజప్‌లు వాడాము’ అన్న వాక్యం ఎందుకు పనికిరాదో చూడండి. ఏ క్లోజప్, ఎక్కడ, ఎవరికి ఉత్కంఠ అన్నవేవీ అందులో లేవు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: ‘మొదటి కూర్పులో 0:30 దగ్గర నీటిలో వాచ్‌మన్ చేయి తేలుతూ కనిపించేది. చూసిన ఇద్దరూ అతడు చనిపోయాడని అక్కడే తేల్చుకుని, ఆ తర్వాత పెద్దాయన పిలుపును పట్టించుకోలేదు. చేతిని తీసేసి, ఒంటి చెప్పును 1:38 దగ్గరకు జరిపాక అదే పిలుపు నాలుగు సెకన్ల నిశ్శబ్దంతో కలిసి అనుమానాన్ని పుట్టించింది.’ ఇందులో నిర్ణయం ఉంది, కారణం ఉంది, ఫలితం ఉంది, సరిచూసుకోవడానికి టైమ్‌కోడ్ కూడా ఉంది.

పొరపాట్లను రాయవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. నిస్సంకోచంగా రాయవచ్చు. అయితే క్షమాపణలా రాయకండి. పెద్దాయన మెట్లు దిగేటప్పుడు భుజంమీద ఉన్న తువ్వాలు కింద పార్కింగ్‌లో మాయమైతే, ‘కంటిన్యుటీ తప్పు జరిగింది, చింతిస్తున్నాము’ అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ రెండు షాట్లూ వేర్వేరు రోజుల్లో తీశామని, దుస్తుల ఫొటో తీసిపెట్టుకోలేదని, ఎడిటింగ్‌లో మధ్యన నీటి షాట్ పెట్టి ఆ తేడాను కొంత మరుగుపరచగలిగామని రాస్తే పని తెలిసినవారి మాటలా ఉంటుంది.

నేరచిత్ర సంప్రదాయాలను ఎక్కడినుంచి తెచ్చుకున్నారో చెప్పండి

కేంబ్రిడ్జ్ అడిగే ప్రశ్నల్లో మొదటిది, మీ చిత్రం తన కోవ (జానర్) సంప్రదాయాలను ఎలా వాడుకుంది, ఎక్కడ ధిక్కరించింది, సమాజంలోని వర్గాలను ఎలా చూపింది అన్నది. సమీక్షలో బరువంతా ఇక్కడే ఉంటుంది, కాబట్టి ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి.

విద్యార్థుల నేరచిత్రాల్లో తరచుగా కనిపించే వస్తువులను ఒకసారి తలచుకోండి. పసుపు రంగు టేపు, నేలమీద సుద్దతో గీసిన శవం రూపురేఖ, గోడమీద ఫొటోలను కలుపుతూ ఎర్ర దారాలు, ముఖం దాచే హుడీ. వీటిలో అధిక భాగం విదేశీ సినిమాలనుంచీ సీరియళ్లనుంచీ మనకు చేరినవే. వాడుకోవడం నేరమేమీ కాదు, కానీ ఎందుకు వాడారో చెప్పగలగాలి. మన పత్రికల నేరవార్తల్లో కనిపించేది వేరు: పంచనామా, క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్, గుమిగూడిన జనాన్ని ‘జరగండి, జరగండి’ అంటూ నెట్టే కానిస్టేబుల్. మీరు రెండో రకాన్ని ఎంచుకుంటే, ప్రేక్షకుడికి తెలిసిన లోకంలోకే నేరాన్ని తెచ్చి కూర్చోబెట్టినట్టు. మొదటి రకాన్ని ఎంచుకుంటే, ఇది సినిమా అని ముందే చెప్పి మొదలుపెట్టినట్టు. ఏది మీ ఉద్దేశమో సమీక్ష చెప్పాలి.

చట్టం మాట వచ్చినచోట ఇంకొంచెం జాగ్రత్త అవసరం. సినిమా పోలీసు నోట హత్య అనగానే ‘302’ అన్న అంకె వచ్చేస్తుంది. కానీ 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అందులో హత్యకు శిక్ష విధించేది 103వ సెక్షన్. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది కనుక, మీ కథ 2019లో జరుగుతుంటే 302 అనడమే సరైనది. మీ చిత్రంలో అటువంటి మాట ఉంటే, కథాకాలం ఏదో చూసి, ఆ ఎంపికను సమీక్షలో ఒక వాక్యంలో సమర్థించండి. పరిశోధన చేశామని వేరుగా చెప్పుకోవలసిన అవసరం ఇక ఉండదు.

చూపించడం, దాచడం అన్నది ఈ కోవ అసలు సమస్య, పాత చిత్రాలతో పోల్చి రాయడానికి ఇంతకంటే అనువైన అంశం లేదు. ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ ఆరంభంలో ఒక చిన్నారి హత్యకు గురవుతుంది, కానీ హత్య తెరమీద కనిపించదు. తల్లి వడ్డించి ఉంచిన ఖాళీ పళ్లెం, పొదల్లోంచి దొర్లుకుంటూ వచ్చిన బంతి, తీగలకు చిక్కుకున్న బెలూను చూపి ఊరుకుంటారు. ఆర్సన్ వెల్స్ 1958 నాటి ‘టచ్ ఆఫ్ ఈవిల్’లో దారి దీనికి పూర్తిగా వేరు. కారులో బాంబు పెట్టడాన్ని మొదటే మనకు చూపించి, మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా కెమెరాను నడిపిస్తారు. ఒకచోట పాత్రలకంటే మనకు ఎక్కువ తెలుసు, మరొకచోట జరిగిందాన్ని మనమే ఊహించుకోవాలి. మీ రెండు నిమిషాలు వీటిలో ఏ వైపు మొగ్గాయో, మధ్యలో వైపు మార్చుకున్నాయో చెప్పండి. మన ఉదాహరణలో చేయి ఉన్న కూర్పు ‘టచ్ ఆఫ్ ఈవిల్’ వైపుది, ఒంటి చెప్పు కూర్పు ‘ఎమ్’ వైపుది.

ఈ సందర్భంలో విద్యార్థులు ఫ్రెంచ్ సాహిత్య సిద్ధాంతకర్త రోలాఁ బార్త్ పేరును తప్పకుండా తెస్తారు. ప్రశ్నను రేపి జవాబును వాయిదా వేసే ‘ఎనిగ్మా కోడ్’ గురించి రాయడం తప్పు కాదు. ముందు మీ ఒంటి చెప్పు ఏ ప్రశ్నను రేపిందో, దానికి జవాబును ఎక్కడిదాకా ఆపారో రాసి, ఆ తర్వాత బార్త్‌ను ఒక్కసారి పిలవండి. ముందే పిలిచి పీట వేస్తే, పేరా మొత్తం ఆయన గురించే అయిపోతుంది.

ఎవరిని నేరస్థుడిగా, ఎవరిని శవంగా చూపారు?

ఈ ప్రశ్నను దాటేయాలనిపిస్తుంది, ఎందుకంటే నటుల ఎంపిక సాధారణంగా ఎవరు ఖాళీగా ఉంటే వారితో జరిగిపోతుంది. అయినా తెరమీదికి వచ్చాక ప్రతి ఎంపికకూ ఒక అర్థం ఉంటుంది. తెలుగు తెరమీద చాలాకాలం తెలంగాణ యాసను రౌడీలకో హాస్యగాళ్లకో కేటాయించడం, రాయలసీమ అనగానే వేటకొడవళ్లు చూపడం గురించి ఎన్నో విమర్శలు వచ్చాయి. మీ దొంగ ఏ యాసలో మాట్లాడాడు? అతడి ఒంటి రంగు, చొక్కా, అతడు ఉండే బస్తీ ఏమిటి? చనిపోయింది అమ్మాయి అయితే, ఆమెకు పేరు ఉందా, లేక రక్తపు మరక పక్కన జుట్టు మాత్రమే ఉందా?

మన ఉదాహరణలో అదృశ్యమైనవాడు వాచ్‌మన్. అతడు రెండు నిమిషాల్లో ఒక్కసారి కూడా కనిపించడు, పెద్దాయనకు అతడు గుర్తొచ్చేది మోటారు ఆగనందుకే. ఇది ఉద్దేశపూర్వకంగా చేసినదైతే, అపార్ట్‌మెంట్ జనం అతడిని మనిషిగా ఎంతవరకు లెక్కించారన్న వ్యాఖ్య అందులో ఉందని సమీక్షలో నిలబెట్టవచ్చు. అనుకోకుండా జరిగి ఉంటే, ఎడిటింగ్ పూర్తయ్యాక గమనించామని రాయండి. తర్వాత కనిపెట్టిన అర్థాన్ని ముందే వేసుకున్న పథకంలా చెప్పుకుంటే, స్టోరీబోర్డు పక్కన పెట్టి చదివేవారికి దొరికిపోతారు.

సిగరెట్ గురించి ఒక మాట. ప్రతినాయకుడి చేతిలో సిగరెట్ పెడితే పాత్ర తయారైపోయినట్టే అనుకునేవారు చాలామంది. మన దేశంలో థియేటర్లలో విడుదలయ్యే చిత్రంలో పొగాకు వాడకం ఉంటే, మొదట్లోనూ మధ్యలోనూ ఆరోగ్య ప్రకటనలు వేయాలి, ఆ దృశ్యం నడిచినంతసేపూ తెర అడుగున హెచ్చరిక ఉండాలి. పొగ వెనక ముఖం ఎంత గంభీరంగా ఉన్నా, కింద ‘పొగతాగడం ఆరోగ్యానికి హానికరం’ అని మెరుస్తుంటే ఆ గాంభీర్యం ఏమవుతుందో ఆలోచించుకోండి.

ప్రేక్షకుడిని సరైన ప్రశ్న అడగండి

స్నేహితులకు చూపించి ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘సూపర్ రా’ అంటారు, దానితో మీరు రాయగలిగింది ఏమీ ఉండదు. చిత్రం గురించి ఏమీ తెలియని అయిదారుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ఒక్కసారి మాత్రమే చూపించి, మూడు సంగతులను వారిచేతే రాయించండి: ఏం జరిగిందనుకుంటున్నారు, ఎవరిమీద అనుమానం, ఇంకా ఏం తెలుసుకోవాలనిపిస్తోంది. గుంపులో చూపిస్తే మొదట నోరు తెరిచినవారి అభిప్రాయమే అందరిదీ అవుతుంది. జవాబులు మీ ఉద్దేశంతో కలిసినచోటు కంటే కలవనిచోటే సమీక్షకు ఎక్కువ ఉపయోగం. ఎవరైనా ఆ తాళాన్ని పెద్దాయనే వేశాడనుకుంటే, అతడి కేకకు ముందు మీరు పెట్టిన షాట్ ఏమిటో వెనక్కి వెళ్లి చూడండి.

మీ చిత్రం ఎవరికోసం అన్నదానికి ‘యువత’ అని సరిపెట్టకండి. సెన్సారు సర్టిఫికెట్ ఏది వస్తుందో ఊహించి రాయడం మంచి మార్గం. 2023 చట్ట సవరణ తర్వాత పాత యూఏ విభాగం యూఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడుగా విడిపోయింది. చేయి తేలే కూర్పుకూ చెప్పు కూర్పుకూ ఒకే వయోపరిమితి వస్తుందా అని ఆలోచిస్తే, ప్రేక్షకుల పేరా దానంతట అదే తయారవుతుంది.

పంపిణీ గురించి రెండు పేరాలు చాలు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ఏరియాలవారీగా అమ్ముడయ్యే పెద్ద సినిమా దారిలో, తారలు లేని చిన్న నేరచిత్రం నడవడం కష్టం. చలనచిత్రోత్సవాలు, యూట్యూబ్, తెలుగు ఓటీటీ వేదికల్లో మీ చిత్రానికి ఏది ఎందుకు తగినదో చెప్పి ముందుకు సాగండి. ఫోను తెరమీద చూసేవారే ఎక్కువ అనుకుంటే, చిన్న అక్షరాల టైటిల్స్, మరీ చీకటి షాట్లు అక్కడ ఎలా కనిపించాయో పరీక్షించి రాయండి.

పరికరాల పేరాలో సమస్యను రాయండి, పేర్ల పట్టీని కాదు

ఏ ఫోను, ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ఒక వాక్యంతో అయిపోతుంది. వాటితో ఎదురైన సమస్యను ఎలా దాటారన్నదే ప్రశ్న. మన ఇళ్లలో రాత్రి షూటింగ్‌కు ఎదురయ్యే ఒక చిక్కును తీసుకోండి. మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల, చవక ఎల్‌ఈడీ బల్బుల వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫోను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగును లోనికి రానిచ్చే సమయం) 1/60 సెకను దగ్గర తీస్తే తెరమీద సన్నని చారలు పాకుతాయి. 25 ఫ్రేములకు మార్చి, షటర్‌ను 1/50 దగ్గర నిలిపితే సాధారణంగా పోతాయి. మీ మొదటి రోజు ఫుటేజిలో చారలు ఉండి, రెండో రోజు లేకపోతే, ఆ రెండు ఫ్రేములనూ పక్కపక్కన పెట్టండి. ‘మా సాంకేతిక నైపుణ్యం పెరిగింది’ అన్న వాక్యం ఇక అక్కర్లేదు.

శబ్దం గురించి విద్యార్థులు అతి తక్కువగా రాస్తారు, చిత్రాలు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం అక్కడే. ఫ్యాను హోరు, పక్కింటి కుక్కర్ విజిల్, రోడ్డుమీద ఆటో హారన్ ఒక షాట్‌లో ఉండి మరో షాట్‌లో లేకపోతే, ప్రతి కట్ దగ్గరా చెవి ఉలిక్కిపడుతుంది. అదే గదిలో ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం రికార్డు చేసి ఉంచుకుంటే, ఆ గది నిశ్శబ్దాన్ని కట్‌ల కింద పరచవచ్చు. మీరు అలా చేశారా, చేయకపోతే ఆ ఖాళీని సంగీతంతో నింపారా అన్నది రాయండి. మన ఉదాహరణలో నేపథ్య సంగీతమే అవసరం లేదు. మోటారు హోరు మొదటి ఫ్రేమునుంచి నడిచి, ఒంటి చెప్పు కనిపించిన క్షణాన ఎవరూ స్విచ్ నొక్కకుండానే ఆగిపోతే, అది ఏ వయొలిన్‌కూ తీసిపోదు. ఇటువంటి ఎంపిక మీ చిత్రంలో ఒక్కటి ఉన్నా, దానికి ఒక పేరా మొత్తం ఇవ్వండి.

సమర్పించే ముందు

బృందంగా తీసినా సమీక్షను ఎవరికివారే రాయండి. ‘మేము’ అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ పని నిజంగా ఎవరు చేశారో చూసుకోండి. ఎడిటింగ్ మీ స్నేహితురాలు చేస్తే ఆ మాటే రాసి, ఆమె కూర్పు చూసి మీరు ఏ అభ్యంతరం చెప్పారో, ఎందుకు చెప్పారో దాని తర్వాత రాయండి. సంగీతం ఎక్కడినుంచైనా తెచ్చుకుంటే దాని అనుమతి వివరం టైటిల్స్‌లోనూ సమీక్షలోనూ ఒకేలా ఉండాలి. బహిరంగ స్థలంలో బొమ్మ తుపాకీనో కత్తినో వాడి ఉంటే, ముందుగా ఎవరికి తెలియజేశారో, చుట్టుపక్కలవారు బెదరకుండా ఏ జాగ్రత్త తీసుకున్నారో ఒక వాక్యంలో చెప్పండి.

ఆఖరున, చిత్రాన్ని చివరిసారి ఎక్స్‌పోర్ట్ చేశాక సమీక్షలోని టైమ్‌కోడ్‌లన్నిటినీ ఆ ఫైలుతోనే మళ్లీ సరిచూడండి. మొదట్లో టైటిల్ కార్డు ఒక్కటి మూడు సెకన్లు పెరిగినా, మీరు 0:47 అని రాసిన తాళం 0:50కి జరిగిపోతుంది, చదివేవారు అక్కడ ఆపి చూస్తే పెద్దాయన వీపు మాత్రమే కనిపిస్తుంది.